ఏం లేదండీ, ఊరికే!

మా వీధిలో నలభై దాటిన ఆడమనిషి పరిగెత్తిందంటే రెండే అర్థాలు. ఇంట్లో ఎవరికో ప్రాణం మీదికొచ్చింది, లేదా ఎక్కడో నిప్పంటుకుంది. మూడో అర్థం కూడా ఒకటి ఉండొచ్చని మా ఊరికి నేనే నేర్పాను. నేర్పడానికి నేను పడ్డ తిప్పలు పగవాళ్ళకి కూడా వద్దు.

మాది భీమవరం దగ్గర ఒక పల్లె. కాలవ పక్కన వీధి, వీధి చివర వంతెన, వంతెన దిగి మట్టి గట్టు మీద పోతే రొయ్యల చెరువులు. నేను కాపురానికొచ్చిన కొత్తలో అవన్నీ వరిచేలు. ఇప్పుడు ఆ వైపు వరి కావాలంటే వెతుక్కోవాలి. ఆ చెరువుల్లో అన్నిటికన్నా చివరిది, అన్నిటికన్నా చిన్నది మాది.

మొదటిరోజు బాగా వెలుగొచ్చాకే బయల్దేరాను. నాకు కుక్కలంటే భయం. హాస్టల్లో ఉండి చదువుకుంటున్న మా అమ్మాయి వదిలేసి వెళ్ళిన చుడీదారు వేసుకుని, దాని బూట్లలోనే కాళ్ళు దూర్చి, జడ ముడేసుకుని గుమ్మం దిగాను. దిగీ దిగగానే పరుగు. మెల్లగా మొదలుపెట్టాలని, ముందు ఒళ్ళు వెచ్చబడాలని అప్పటికి నాకేం తెలుసు? గద్ద తరిమిన కోడిపెట్టలా పరిగెత్తాను.

మూలింటి పెద్దమ్మగారు వాకిట్లో ముగ్గు వేస్తున్నారు. నన్ను చూసి ముగ్గు చిప్ప వదిలేసి, "అయ్యో అయ్యో, ఏమైందమ్మాయ్!" అని కేకేశారు. జవాబు చెప్పడానికి నాకు ఊపిరేదీ? చెయ్యి ఊపాను. "ఏం లేదు" అన్నట్టు ఊపాననుకున్నాను. "అంతా అయిపోయింది" అన్నట్టు ఆవిడకి కనబడిందట.

వంతెన దాకా వెళ్ళి, దాని గోడ పట్టుకుని ఆయాసం తీర్చుకుని వెనక్కి తిరిగేసరికి మా ఇంటి ముందు జనం. అప్పటికి మా ఆయనకి కాలు ఆపరేషనై, లోపల రాడ్డు వేసి, చేతికర్ర సాయంతో నడుస్తున్నారు. ఆపరేషనైన వాళ్ళకి రక్తం గడ్డకట్టి ఉన్నట్టుండి ఏదో అవుతుందని ఎవరో చెప్పిన మాట సరిగ్గా అప్పుడే గుర్తుకు రావాలా? "ఏమండీ!" అని ఏడుస్తూ ఇందాకటికన్నా గట్టిగా పరిగెత్తాను. నేను ఏడుస్తూ రావడం చూసి జనానికి మిగిలిన కాస్త అనుమానమూ తీరిపోయింది. వాళ్ళూ ఏడుపు అందుకున్నారు. వాళ్ళ ఏడుపు చూసి నేను, నా ఏడుపు చూసి వాళ్ళు. ఇంతలో మా ఆయన, చంకలో పేపరు, చేతిలో కర్రతో అరుగు మీదికొచ్చి అడిగారు.

"ఎవరండీ పోయారు?"

నేనున్నచోటే భూమి చీలితే బాగుండుననిపించింది. అప్పటికే ఎవరో రాజమండ్రిలో ఉన్న మా ఆడపడుచుకి ఫోన్ చేసేశారు. ఇలాంటి వార్తలకి మా వీధిలో సిగ్నల్ ఎప్పుడూ బాగానే అందుతుంది. తిరిగి ఫోన్ చేసి నిజం చెబుదామంటే, ఆవిడ కంగారులో ఫోన్ ఇంట్లోనే మర్చిపోయి కారెక్కేసింది. దారిపొడుగునా ఏడ్చి, భోజనాల వేళకి మా వాకిట్లో దిగింది. ఆ సమయానికి మా ఆయన గోంగూర పచ్చడి కలుపుకుని ముద్ద ఎత్తుతున్నారు.

"నేనక్కణ్ణుంచి గుండెలు బాదుకుంటూ వస్తుంటే నువ్విక్కడ గోంగూర తింటున్నావా అన్నయ్యా!" అని, బతికున్నందుకు ఆయన మీద విరుచుకుపడింది. తర్వాత తనూ కూర్చుని అదే గోంగూరతో రెండుసార్లు అన్నం పెట్టించుకుందనుకోండి.

ఆ సాయంత్రం మా అత్తగారు తీర్పు చెప్పారు. ఆవిడ తీర్పులన్నీ సామెతల్లోనే ఉంటాయి. "పరిగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలమ్మా. పెద్దలు ఊరికే అన్నారా?" అన్నారు. మర్నాడు పొద్దున్న మళ్ళీ పరిగెత్తి వచ్చేసరికి ఆవిడ చెంబుతో నీళ్ళు పట్టుకుని గుమ్మంలో ఉన్నారు.

"ఇదిగో. నిలబడి తాగు."

తాగాను. దాహం వేసింది మరి. అప్పటినుంచి అది రోజూ జరిగే తంతయింది. నేను రావడం, ఆవిడ చెంబు అందించడం, నేను నిలబడి నీళ్ళు తాగడం. ఎవరి పట్టుదల వాళ్ళది.

అంత పరువు పోయాక కూడా మర్నాడు మళ్ళీ ఎందుకు పరిగెత్తానో చెప్పాలి.

రొయ్యకి నీళ్ళలో గాలి కావాలి. మబ్బు పట్టి ఎండ లేని రోజుల్లో ఆ గాలి తగ్గిపోతుంది. అందుకే చెరువులో నీటిని చిలికే ఏరియేటర్లు ఆగకుండా తిరగాలి. కరెంటు పోతే ఎవరో ఒకరు వెళ్ళి డీజిల్ ఇంజన్ స్టార్ట్ చెయ్యాలి. ఆలస్యమైతే నెలల కష్టం కళ్ళముందే పైకి తేలుతుంది. పెద్ద రైతులు దానంతటదే స్టార్టయ్యే జనరేటర్లు పెట్టుకున్నారు. మా చెరువుకి అంత భోగం లేదు. కరెంటు పోగానే మా ఫోన్‌కి కాల్ వచ్చే పెట్టె ఒకటి, చెరువు మీద కాపలా ఉండే ఒకతను, ఆపైన దేవుడు. అంతే.

కిందటి పంటలో, ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం ఆ కాల్ వచ్చింది. కాపలా అతను చెల్లెలి సీమంతానికని ఊరెళ్ళాడు. మా ఆయన బండి తీశారు. వంతెన దిగి గట్టెక్కేచోట, బంకమట్టి మీద బండి జారి, కింద ఆయన, పైన బండి. పడ్డచోటు నుంచే నాకు ఫోన్ చేశారు. "నా సంగతి ఎవరో ఒకరు చూస్తారు. నువ్వు చెరువుకి పరిగెత్తు" అన్నారు. నిజంగానే ఎవరో ఒకరు చూశారు. ఆయన్ని ఆటో ఎక్కిస్తున్నవాళ్ళని దాటుకుంటూ నేను గట్టెక్కాను. పక్క చెరువులవాళ్ళని పిలుద్దామన్నా కరెంటు అందరికీ పోయింది, ఎవరి చెరువు దగ్గరికి వాళ్ళు ఉరుకుతున్నారు.

గట్టు మీద సగం దారిలో ఒక తూము ఉంది. అక్కడికొచ్చేసరికి కళ్ళు బైర్లు కమ్మాయి. డొక్కలో నొప్పి మెలిపెట్టేసింది. తూము గోడ మీద కూలబడ్డాను. లేవాలని ఉంది, కాళ్ళు లేవవు. అక్కణ్ణుంచి మా చెరువు కనబడుతూనే ఉంది. ఆగిపోయిన ఏరియేటర్లు కూడా కనబడుతున్నాయి. కళ్ళెదురుగా ఉన్నదాన్ని అందుకోలేకపోవడం ఎలా ఉంటుందో నాకు ఆ గోడ మీద తెలిసింది. నడుస్తూ ఆగుతూ చేరేసరికి గట్ల వెంబడి రొయ్యలు తెల్లగా తేలి ఉన్నాయి.

ఆ తర్వాత, ఎప్పట్నుంచో మా చెరువు లీజుకి అడుగుతున్న పెద్దమనిషి ఒకాయన మా ఆయన్ని పరామర్శించడానికి వచ్చాడు. బత్తాయిలు తెచ్చాడు. మంచం పక్కన కూర్చుని తీరుబడిగా నిట్టూర్చాడు.

"ఆడవాళ్ళని నమ్ముకుని పంపితే అంతేనండి. సగం దారిలో కూర్చుంటారు. మీకెందుకండీ ఇంకా ఈ తలనొప్పి? చెరువు నాకిచ్చెయ్యండి, హాయిగా రెస్టు తీసుకోండి" అన్నాడు.

సరిగ్గా అప్పుడు నేను ఆయన చేతికి కాఫీ గ్లాసు అందిస్తున్నాను. ఒలకకుండా అందించానంటే అది మా పుట్టింటివాళ్ళ పెంపకం.

ఆయన వెళ్ళాక మా ఆయన పైకప్పు చూస్తూ పడుకున్నారు. ఇచ్చేద్దామనే ఆయన మనసులో ఉంది. "ఇంకొక్క పంట చూద్దామండీ" అన్నాను. "మళ్ళీ ఇలాగే కరెంటు పోతే? నా కాలు చూశావుగా" అన్నారు. "నేను వెళ్తాను" అన్నాను. "ఎలా వెళ్తావు? ముసురులో గట్టు మీద బండి నడవదు." "పరిగెత్తి వెళ్తాను."

ఆయన నవ్వలేదు. పాతికేళ్ళ కాపురంలో ఆయన నాకు కొన్న చీరలన్నీ ఒక ఎత్తు, ఆరోజు నవ్వకపోవడం ఒక ఎత్తు. "సరే. ఈ పంట కూడా పోతే మాత్రం ఇచ్చేద్దాం. అప్పుడు నన్ననకూడదు" అన్నారు. కర్ర పట్టుకుని నడవడం మొదలుపెట్టగానే ఆటోలో నన్ను వంతెన దాకా, అక్కణ్ణుంచి నెమ్మదిగా చెరువు దాకా తీసుకెళ్ళి, ఇంజన్ హ్యాండిల్ ఎలా తిప్పాలో దగ్గరుండి నేర్పారు. అది తిప్పడం ఆషామాషీ కాదు. చెరువు దాకా చేరితే చాలదని, చేరాక హ్యాండిల్ తిప్పే ఊపిరి కూడా మిగలాలని అప్పుడే అర్థమైంది.

ఈ సంగతి వీధిలో ఎవరికీ చెప్పలేదు. పోయిన పంట గురించి మాట్లాడితే పరామర్శలు, రాబోయే పంట గురించి మాట్లాడితే దిష్టి. పైగా "సగం దారిలో కూర్చుంటారు" అన్న మాట అప్పటికే టీ కొట్టు దాకా వచ్చేసింది. మళ్ళీ కూర్చుంటే నవ్వడానికి నలుగురికీ నేనే టిక్కెట్లు ఇచ్చినట్టవుతుంది.

వీధి నన్ను చూసి భయపడడం మానేసింది గానీ, కొత్త కష్టం మొదలైంది. మా వైపు మర్యాద సంగతి మీకు తెలుసుగా. మనిషి నడుచుకుంటూ పోతుంటేనే బండి ఆపి ఎక్కించుకుంటారు. పరిగెడుతుంటే వదులుతారా?

"ఏంటండీ ఆ పరుగు? బస్సు పోతందా? ఎక్కండి, దింపేత్తాను."

"వద్దండీ" అంటే వాళ్ళకి చిన్నతనం. "పర్లేదండీ" అంటే మొహమాటపడుతున్నానని ఇంకా బలవంతం. పాల క్యాన్ల మధ్య కూర్చోబెట్టుకుని ఒకాయన దింపాడు. రొయ్యల మేత తీసుకెళ్తున్న వ్యాను డ్రైవరు పక్కన సీటు దులిపి మరీ ఎక్కించాడు. ఒకాయనైతే తను వెళ్ళాల్సింది అటు, నా కోసం బండి ఇటు తిప్పి, నన్ను మా గుమ్మంలో దింపి, "నమస్కారమండీ" అని మళ్ళీ అటు వెళ్ళాడు. నేను చక్కగా, చెక్కుచెదరకుండా ఇంటికి రావడం చూసి మా అత్తగారు, "పరుగు బాగా అలవాటైపోయిందే అమ్మాయ్, చెమట కూడా పట్టడం లేదు" అన్నారు. అయినా చెంబు మాత్రం అందించారు.

ఇలా కాదని ఒక ఉపాయం ఆలోచించాను. బండి చప్పుడు వినబడగానే, ఇంకా దగ్గరికి రాకముందే, నవ్వుతూ చెయ్యెత్తి, "ఏం లేదండీ, ఊరికే!" అని అరిచేదాన్ని. ఊరికే అన్నదానికి మావాళ్ళ దగ్గర జవాబు లేదు. పనుంటే సాయం చేస్తారు, ఆపదైతే ఆదుకుంటారు, ఊరికే పరిగెత్తే మనిషిని ఏం చేస్తారు? "ఆయ్, ఊరికేనా అండీ" అని వెళ్ళిపోయేవారు.

అలా నా పేరు పోయి "ఊరికే గారు" అయ్యాను. "ఊరికే గారు వెళ్ళారు, ఇంక టీ పెట్టు" అనుకునేవారట కొట్టు దగ్గర. ఒకాయనైతే ఓరోజు ఆపి, చాలా సీరియస్‌గా, "ఏవన్నా పందెమా అండీ? అవతల ఎవరు కాత్తన్నారు?" అని అడిగాడు. భీమవరం చుట్టుపక్కల ఏ జీవి పరిగెత్తినా, ఎగిరినా మావాళ్ళకి ముందు పందెమే గుర్తుకొస్తుంది. నాకు కోపం రావాలి. నవ్వొచ్చింది. ఎందుకంటే పందెం ఉంది. అవతల కాసినవాడూ ఉన్నాడు. బత్తాయిలు కూడా తెచ్చిపెట్టాడు.

మెల్లగా జోడు దొరికింది. ఎదురింటి కోడలు ఓరోజు గేటు దగ్గర నిలబడి, "అక్కా, నేనూ రానా?" అంది. ఎందుకమ్మా అంటే, "ఈ అరగంటా నన్నెవరూ పిలవరు కదక్కా" అంది. ఆ పిల్ల ఇంట్లో ఆరుగురు, ఆరుగురికీ అన్నీ తనే అందించాలి. పరుగులో ఆ పిల్ల నాతో మాట్లాడేది కాదు, నేనూ మాట్లాడించేదాన్ని కాదు. ఆ తర్వాత రిటైరైన పోస్టుమాస్టరు గారొకరు మా వెనకే వేగంగా నడవడం మొదలుపెట్టారు. ఆయన ధ్యేయం స్పష్టం. రోజూ ఇలా నడిచొస్తే ఇంట్లో రెండు పూతరేకులు తిననిస్తారట. లోకంలో పరిగెత్తే వాళ్ళందరి గురించీ నాకు తెలీదు గానీ, మా ముగ్గురిలో ఒక్కరు కూడా ఆరోగ్యం కోసం పరిగెత్తలేదు.

మొదట్లో వంతెన. తర్వాత వంతెన దిగి గట్టు. తర్వాత తూము. అక్కడితో ఆగిపోయాను. ఒంట్లో ఊపిరి ఉన్నా, కాళ్ళలో బలం ఉన్నా, ఆ తూము గోడ కనబడగానే కాళ్ళు వాటంతటవే ఆగిపోయేవి. అక్కణ్ణుంచి వెనక్కి తిరిగేదాన్ని. తూము దాకా వెళ్ళి రావడమంటే చెరువు దాకా వెళ్ళడమే కదా, దూరం ఒకటే కదా అని లెక్క చెప్పి నన్ను నేను సముదాయించుకునేదాన్ని. మా ఆయన కూడా ఆ లెక్కకి తలూపారు. కానీ ఆ గోడ దాటి ఒక్కరోజు కూడా పరిగెత్తలేకపోయానని ఇద్దరికీ తెలుసు.

పంట బాగానే ఎదిగింది. ఇంక రొయ్యలు పట్టి అమ్మే రోజు వచ్చేస్తుందనగా ముసురు పట్టింది. ఆకాశం దిగి ఇంటి కప్పుల మీద కూర్చున్నట్టుంది. కాపలా అతనికి జ్వరం, మందులిప్పించి ఇంటికి పంపించేశాం. అతని బదులు తమ్ముడొస్తానన్నాడు, దారిలో ఉన్నాడు. ఆ కాస్త సందు చూసుకుని వచ్చింది ఆ కాల్.

పొద్దున్న టిఫిన్ల వేళ. నేను పెనం మీద దోసె వేస్తున్నాను. మా ఆయన ఫోన్ ఎత్తి నా వైపు చూశారు. ఆ చూపు చాలు. అట్లకాడ అక్కడే పడేసి, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపి, గుమ్మం దిగాను. బూట్లు తొడుక్కునే టైమ్ లేదు. వెనకాల దోసె మాడుతున్న వాసన వీధి మొదటి దాకా నాతోనే వచ్చింది.

మూలింటి పెద్దమ్మగారు, "ఏంటమ్మా ఇవాళ చీరలో?" అన్నారు. నేను పలకలేదు. టీ కొట్టు దగ్గర ఎవరో నవ్వుతూ, "ఊరికేనా అండీ?" అన్నారు. పలకలేదు. పలకడానికి ఊపిరి లేక కాదు. ఈసారి ఊపిరి ఉంది. దాన్ని ఒక్క మాటకి కూడా ఖర్చుపెట్టదల్చుకోలేదు.

వంతెన దాటాను. గట్టు మీద బంకమట్టి చల్లగా కాలివేళ్ళ మధ్య నుంచి పైకొస్తోంది. బూట్లు లేకపోవడమే మంచిదైంది, వేళ్ళతో నేలని పట్టుకుని పరిగెత్తాను. జారాను, నిలదొక్కుకున్నాను. మనసులో ఒక్కటే మాట. సగం దారిలో కూర్చుంటారు. సగం దారిలో కూర్చుంటారు. ఆ మాటే అడుగుకి తాళమైపోయింది. తూము వస్తుంది, వస్తుంది, కాళ్ళు ఆగుతాయేమో, ఆగుతాయేమో అనుకుంటూ ఉన్నాను. తల ఎత్తి చూస్తే ఎదురుగా మా చెరువు షెడ్డు. తూము ఎప్పుడు దాటానో నాకు తెలియలేదు. ఇన్నాళ్ళూ నన్ను ఆపిన గోడని నేను చూడనైనా చూడలేదు!

నీళ్ళు కదలకుండా నూనెలా పడి ఉన్నాయి. గట్టువారన రొయ్యలు అప్పుడే మీసాలు పైకి పెట్టి గాలికోసం చూస్తున్నాయి. షెడ్డులోకి దూరి హ్యాండిల్ పట్టుకున్నాను. తిప్పాను. ఇంజన్ దగ్గి ఊరుకుంది. "నీ దుంప తెగ, తిరుగు!" అన్నాను. ఇంకోసారి, ఉన్న ఊపిరంతా పెట్టి తిప్పాను. డబడబమని అందుకుంది. ఆ చప్పుడంత తీయని సంగీతం నేను ఏ పెళ్ళిలోనూ వినలేదు. ఏరియేటర్లు ఒకటొకటిగా కదిలి నీళ్ళని తెల్లగా చిమ్మాయి. గట్టువారన ఉన్న మీసాలు మెల్లగా కిందికి వెళ్ళిపోయాయి.

గట్టు మీద నిలబడి ఏడ్చాను. ఎవరూ పోకుండా ఏడవడం ఎంత బాగుంటుందో అప్పుడు తెలిసింది.

కళ్ళు తుడుచుకుని ఊరి వైపు తిరిగితే, గట్టు పొడుగునా జనం. పరిగెత్తుకుంటూ వస్తున్నారు! అందరికంటే ముందు ఎదురింటి కోడలు. దాని వెనకాల టీ కొట్టు దగ్గర కూర్చునేవాళ్ళు, లుంగీలు పైకి కట్టి, జారుతూ లేస్తూ. పోస్టుమాస్టరు గారు నడక మానేసి నిజంగానే పరిగెడుతున్నారు. ఏం జరిగిందో తెలీదు కాబట్టి ఎవరికి తోచింది వాళ్ళు పట్టుకొచ్చారు. ఎవరో కాలవలో పడ్డారనుకుని ఒకాయన మోకు తెచ్చాడు. పామనుకుని ఒకాయన కర్ర తెచ్చాడు. ఒకాయన చేతిలో గోలీసోడా ఉంది. అన్నిటికన్నా వెనకాల, ఇద్దరు పట్టుకుంటే, మూలింటి పెద్దమ్మగారు విబూది పొట్లంతో వస్తున్నారు.

"ఏమైందండీ?" అని అందరూ ఒక్కసారే.

వేరే మాట ఏదీ దొరక్క, రోజూ అలవాటైన మాటే నోట్లోంచి వచ్చింది.

"ఏం లేదండీ..."

"ఊరికే!" అని వాళ్ళే అందుకుని పూర్తిచేశారు. బురదలో నిలబడి అందరం నవ్వాం. నవ్వి నవ్వి పోస్టుమాస్టరు గారు గట్టు మీదే కూర్చుండిపోయారు.

అప్పుడు చెప్పాను, మొదటినుంచీ. విన్నాక టీ కొట్టాయన, "రోజూ ఊరికే ఊరికే అన్నారు గానీ, ఊరికే చెప్పలేదు చూశారా!" అన్నాడు. మీరెలా వచ్చారు, మీకెవరు చెప్పారని అడిగాను. "ఎవరూ చెప్పలేదండీ. మీరు ఊరికే అనలేదు కదండీ ఇవాళ. అందుకే వచ్చేశాం" అన్నాడు. వాళ్ళు నవ్వుతారని ఇన్నాళ్ళు నేను దాచుకున్నాను. వాళ్ళేమో రోజూ నా మాట ఎంత శ్రద్ధగా విన్నారంటే, అది వినబడకపోయేసరికి చేతిలో పని వదిలేసి పరిగెత్తుకొచ్చారు.

వచ్చినవాళ్ళు ఊరికే నిలబడలేదు. షెడ్డులో ఉన్న ఆక్సిజన్ గుళికల బస్తాలు మోసి చెరువు చుట్టూ చల్లారు. డీజిల్ చాలదేమోనని ఇద్దరు వెనక్కి పరిగెత్తి క్యాను మోసుకొచ్చారు. కాపలా అతని తమ్ముడు, కరెంటు రెండూ దాదాపు ఒకేసారి వచ్చాయి. మా పంట మాకు మిగిలింది.

ఇంటికొచ్చేసరికి మా ఆయన అరుగు మీద నిలబడి, ఫోన్‌లో మాట్లాడుతున్నారు. అవతల లీజు పెద్దమనిషి. కరెంటు పోయిన కబురు విని పరామర్శకి తొందరపడ్డట్టున్నాడు. మా ఆయన నా బురద కాళ్ళ వైపు చూస్తూ, "లేదండీ, ఇవ్వం. మా ఆవిడ సగం దారిలో కూర్చోలేదండీ ఈసారి. ఆయ్. ఉంటానండీ" అని పెట్టేశారు. పెట్టేశాక, మాడిన దోసె తనే తిన్నానని చెప్పారు. దానికంటే ఎక్కువ ఏం మాట్లాడలేక అది చెప్పారని నాకు తెలుసు.

గుమ్మంలో మా అత్తగారు. ఆవిడ చేతిలో రోజూ ఉండే చెంబు లేదు, గ్లాసు ఉంది. చెయ్యి చాపాను. వేడిగా తగిలింది. చూస్తే పాలు.

"పరిగెత్తావుగా. తాగు" అన్నారు, ఎటో చూస్తూ.

గ్లాసు పట్టుకుని, అలవాటు కొద్దీ నిలబడే నోటి దగ్గర పెట్టుకోబోయాను. ఆవిడ నా భుజం పట్టుకుని ఆపారు.

"నిలబడి కాదు. కూర్చో. కూర్చుని తాగు."

అరుగు మీద కూర్చున్నాను. దారంతా అయ్యాకే కూర్చున్నాను.